సున్న తప్పిన స్టీరింగు

తెలుగు పాఠాలు చెప్పుకొనే ఉపన్యాసకుడు కారు స్టీరింగును గురించి వ్యాసం వ్రాయడమేమిటని కొందరు మిత్రులకు ఆశ్చర్యం కలుగవచ్చు. గురులఘువులు లెక్కపెట్టుకొనే వానికి గేరు పండ్ల లెక్కతో పని ఏమున్నదని నవ్వుకొనే వారూ ఉంటారు. కాని మన కళాశాలలో చదువుకొనే పిల్లలలో ఎందరి ఇండ్లలో తండ్రో, అన్నో, మేనమామో మోటారు షెడ్డులో పానా పట్టుకొని సంసారం నడుపుతున్నాడో ఈ పత్రిక చదువరులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. మన కళాశాలకు చేరే ఫీజులలో కొంత భాగం గ్రీజు అంటిన నోట్లే. ఆ షెడ్డులలోని వారికి నేడొక కొత్త చిక్కు వచ్చిపడింది. దాని పేరు స్టీరింగు యాంగిల్ సెన్సర్. స్టీరింగు ఎటు తిరిగినదో, ఎంత కోణం తిరిగినదో, ఎంత వేగంగా తిరుగుతున్నదో కనిపెట్టి కారులోని కంప్యూటర్లకు చెప్పే చిన్న పరికరం అది. ఈ చిన్న పరికరాన్ని అర్థం చేసుకోలేకపోతే మన పిల్లల చేతిలో ఉన్న పెద్ద విద్య ఒకటి చేజారిపోతుందని నా భయం. ఆ భయమే ఈ వ్యాసానికి కారణం.

ముందుగా నా స్వానుభవం ఒకటి మనవి చేసుకొంటాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు ఒకటి నాకున్నది. గత వర్షాకాలంలో దానికి టైర్లు మార్పించి, ఖమ్మంలోని ఒక షెడ్డులో అలైన్‌మెంట్ చేయించాను. పని ముగిసిన తరువాత బండి తిన్నగానే పోతున్నది గాని, స్టీరింగు చక్రం మాత్రం కొంచెం ఎడమకు ఒరిగి కనబడింది. ఆ మాట చెప్పగానే షెడ్డులోని వారు మధ్యనున్న నట్టు విప్పి, చక్రాన్ని ఊడదీసి, ఒక్క పన్ను జరిపి నిటారుగా బిగించారు. చూపుకు అంతా సరిపోయింది. నేనూ సంతోషించి డబ్బులిచ్చి వచ్చాను.

రెండు రోజుల తరువాత కుటుంబ సమేతంగా భద్రాచలంలో ఒక పెండ్లికి బయలుదేరాము. కొత్తగూడెం, పాల్వంచ దాటి అడవి మొదలైన చోట సన్నగా వాన పట్టుకొన్నది. ఒక మలుపులో, నేను బ్రేకు మీద కాలు పెట్టకుండానే, క్రింద గరగరమని చప్పుడు వచ్చి బండి ఒక ప్రక్కకు లాగినట్లయింది. ఎదురుగా లారీ వస్తున్నది. వెనుక సీటులో పిల్లలు నిద్రపోతున్నారు. వేగం తక్కువగా ఉండబట్టి ఏమీ కాలేదు. ఆ తరువాత మీటర్ల పలక మీద, జారిపోతున్న కారు బొమ్మ గల పసుపుపచ్చ లైటు వెలిగి, ఇక ఆరలేదు. భద్రాచలంలో ఒక పెద్ద ఉస్తాద్‌కు చూపించాను. ఆయన బండిని కొంత దూరం నడిపి చూచి, "ఏం కాలేదు సార్, బండి మంచిగనే ఉన్నది. ఆ లైటే మిమ్ముల పరేషాన్ చేస్తున్నది. దాన్ని తీసేస్తే ఫికరుండదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కాని ఆ మాట నాకు రుచించలేదు. సాక్షి చెప్పేది మనకు అర్థం కానప్పుడు సాక్షి నోరు మూయించడం న్యాయమా?

ఖమ్మం తిరిగి వచ్చిన తరువాత, మన కళాశాలలోనే చదివి డిగ్రీ మధ్యలో మానివేసిన యువకుడొకడు నడుపుకొంటున్న షెడ్డుకు వెళ్ళాను. అతడు బండిని చదునైన చోట తిన్నగా నిలిపి, స్కానర్ తగిలించి, తెర మీది అంకె చూపించాడు. ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయి. స్టీరింగు నిటారుగా ఉన్నది. తెర మీద మాత్రం ఎడమకు 10 డిగ్రీలు అని ఉన్నది. "సార్, స్టీరింగు సీదాగ ఉన్న సంగతి మీకు ఎరికే, నాకు ఎరికే. బండికే ఎరుక లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఈ విషయమంతా ఇమిడి ఉన్నది. దాన్ని విప్పి చెప్పడమే నేను చేయబోయే పని.

కొలిచే పద్ధతి

ఈ సెన్సర్ స్టీరింగు చక్రం క్రింద, నిలువు కడ్డీ చుట్టూ అమర్చి ఉంటుంది. కొన్ని రకాలు వెలుతురుతో పని చేస్తాయి. చీలికలు కోసిన బిళ్ళ ఒకటి కడ్డీతో పాటు తిరుగుతుంది. బిళ్ళకు ఒక ప్రక్క చిన్న దీపం, రెండవ ప్రక్క వెలుతురును పసిగట్టే కన్ను ఉంటాయి. చీలిక ఎదురైతే వెలుగు, లేకపోతే చీకటి. ఆ వెలుగు చీకట్ల వరుసను బట్టి కోణం తేలుతుంది.

నేడు విరివిగా వాడుకలో ఉన్నది అయస్కాంతపు పద్ధతి. దానిని తెలుసుకోవడానికి ముందు అసలు చిక్కేమిటో గ్రహించాలి. స్టీరింగు ఒక్క చుట్టుతో ఆగదు. ఈ కొస నుండి ఆ కొసకు సుమారు మూడు చుట్లు తిరుగుతుంది. కాబట్టి చక్రం నిటారుగా కనబడినంత మాత్రాన బండి తిన్నగా ఉన్నదని చెప్పడానికి వీలులేదు. కుడివైపు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ నిటారుకు వచ్చి ఉండవచ్చు. తాళం త్రిప్పగానే, చక్రం ఇంకా కదలక ముందే, అది ఏ చుట్టులో ఉన్నదో సెన్సర్ చెప్పగలగాలి. ఎట్లా చెబుతుంది?

ఈ కిటుకు మనకు క్యాలెండరు రూపంలో పరిచితమే. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటె సుమారు 11 రోజులు చిన్నది. అందువల్లనే రంజాన్ మాసం ఏటేటా వెనుకకు జరుగుతూ సుమారు 33 ఏండ్లకు తిరిగి అదే ఋతువుకు వస్తుంది. నా చిన్నతనాన, 1998, 1999 ప్రాంతంలో, రంజాన్ చలికాలంలో వచ్చేది. 2018, 2019 సంవత్సరాలలో రోహిణీ కార్తె ఎండలు దానిలో కలిసినాయి. మన పల్లెల పీర్ల పండుగ కూడా ఇట్లాగే ఋతువులన్నింటినీ చుట్టి వస్తుంది. "నా పెండ్లి అయిన ఏడు సంక్రాంతి రోజులలోనే రంజాన్ వచ్చింది" అని ఒక ముసలమ్మ చెప్పినదనుకోండి. ఆమెకు సంవత్సరం అంకె గుర్తు లేకపోయినా, ఆమె వయస్సును బట్టి అది ఏ ప్రాంతపు ఏడో మనం లెక్క కట్టవచ్చు. వేరువేరు నిడివి గల రెండు చక్రాలు కలిసి తిరుగుతున్నప్పుడు, ఎన్ని చుట్లు గడిచినాయో వాటి మధ్య తేడాయే చెబుతుంది. ప్రయోగశాలలో మీరు చేత పట్టే వెర్నియర్ కాలిపర్స్‌లోని మర్మమూ ఇదే.

సెన్సర్ లోపల స్టీరింగు కడ్డీకి ఒక పెద్ద పండ్ల చక్రం, దానికి ఆనుకొని రెండు చిన్న పండ్ల చక్రాలు ఉంటాయి. ఆ చిన్నవాటి పండ్ల సంఖ్యలో తేడా ఉంటుంది. ఉదాహరణకు పెద్ద చక్రానికి 60 పండ్లు, చిన్నవాటికి 20, 21 పండ్లు ఉన్నాయనుకొందాం. స్టీరింగు ఒక చుట్టు తిరిగేసరికి 20 పండ్లది సరిగా మూడు చుట్లు తిరిగి మొదటి చోటికే వస్తుంది. 21 పండ్లది మూడవ చుట్టు పూర్తి చేయలేక చుట్టులో ఏడవ వంతు వెనుకబడుతుంది. స్టీరింగు రెండు చుట్లు తిరిగితే రెండు ఏడవ వంతులు వెనుకబడుతుంది. ఏడు చుట్లు తిరిగిన తరువాత గాని రెండూ కలిసి మొదటి స్థితికి రావు. స్టీరింగు తిరిగేది సుమారు మూడు చుట్లే గనుక, ఈ రెండు చిన్న చక్రాల నిలకడ చూస్తే చాలు, అసలు కోణం ఏమాత్రం సందేహం లేకుండా తెలిసిపోతుంది. వాటి నిలకడను చూడడానికి ఒక్కొక్క దానిలో ఒక అయస్కాంతాన్ని పొదుగుతారు. అయస్కాంత క్షేత్రపు దిశ మారితే విద్యుత్ నిరోధం మారే సూక్ష్మమైన పలుకులు వాటి ఎదుట ఉంటాయి. ఈ విధంగా డిగ్రీలో పదవ వంతు తేడాను కూడా పట్టగల సెన్సర్లు తయారవుతున్నాయి. ఆ అంకె తీగల మీదుగా సెకనుకు సుమారు నూరు సార్లు కంప్యూటర్లకు చేరుతుంది.

తలపునకు నడకకు తేడా

ఇంత సూక్ష్మంగా కొలిచి సాధించేదేమిటి? మన మనసులో ఉన్న దారి ఒకటి, బండి పోయే దారి ఒకటి. పొడి రోడ్డు మీద, తగిన వేగంలో ఆ రెండూ ఒకటే. తడి రోడ్డు మీద, బురద మీద, కంకర మీద ఆ రెండూ విడిపోతాయి. స్టీరింగు కోణాన్ని, బండి వేగాన్ని కలిపి లెక్కిస్తే డ్రైవరు ఎంత త్రిప్పుకోదలచాడో తెలుస్తుంది. బండి నడుమ ఉండే మరొక సెన్సర్ అది నిజంగా ఎంత తిరుగుతున్నదో చెబుతుంది. ఈ రెంటికీ తేడా వస్తే కంప్యూటరు ఒక్కొక్క చక్రానికి వేరువేరుగా బ్రేకు వేస్తుంది. కుడి మలుపులో బండి వెనుక భాగం బయటికి జారిపోతుంటే ఎడమ ముందు చక్రాన్ని పట్టి నిలుపుతుంది. తిరగకుండా ముందుకే దూసుకుపోతుంటే కుడి వెనుక చక్రాన్ని పట్టి లోపలికి త్రిప్పుతుంది. దీనినే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ సంస్థలో ఆంటన్ వాన్ జాంటెన్ నాయకత్వాన ఇంజనీర్లు దీనిని రూపొందించగా, 1995లో మెర్సిడెస్ కారులో మొదటిసారి అమర్చారు.

అది ఖరీదైన కార్ల సొగసుగానే మిగిలిపోయేదేమో. కాని 1997లో స్వీడన్ దేశపు పత్రిక ఒకటి మెర్సిడెస్ వారి చిన్న కారును పరీక్షించింది. ఆ దేశంలో ఎల్క్ అనే భారీ దుప్పి జాతి జంతువు హఠాత్తుగా రోడ్డు మీదికి వస్తుంది. దానిని తప్పించినట్లు స్టీరింగును ఒక్కసారిగా ఇటు, వెంటనే అటు త్రిప్పడమే ఆ పరీక్ష. ఆ కారు బోల్తా పడింది. తరువాత ఆ సంస్థ ఆ రకపు కార్లన్నింటిలోనూ ఈ ఏర్పాటును అమర్చవలసి వచ్చింది. అమెరికాలో 2011 సెప్టెంబరు నుండి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి అయింది. మన దేశంలో 2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో మూడు నక్షత్రాలుగాని, అంతకు మించిగాని పొందాలంటే ఇది ఉండి తీరాలి.

స్వీడన్ అడవి మనకు దూరమని అనుకోరాదు. పాల్వంచ నుండి భద్రాచలం మీదుగా కుంట వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రివేళ ప్రయాణం చేసిన వారిని అడగండి. అక్కడ ఎల్క్ లేదు. బఱ్ఱె ఉన్నది, మేకల మంద ఉన్నది, లైటు లేని సైకిలు మీద ఇంటికి పోతున్న కూలి మనిషి ఉన్నాడు. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే మలుపు వెంట మలుపు. ఒక్క క్షణంలో స్టీరింగు ఇటూ అటూ త్రిప్పవలసిన అవసరం మన అడవి దారిలో ఎవరికైనా రావచ్చు. ఆ క్షణంలో కారులోని కంప్యూటరు ప్రశ్నించేది ఒక్కరినే. "డ్రైవరు ఎటు పోదలచాడు?" సమాధానం చెప్పవలసినది ఈ చిన్న సెన్సరే.

ఆ సమాధానం తప్పయితే? సెన్సర్ కొలిచేది కోణం. కోణానికి సున్న కావాలి. సున్న ఎక్కడ ఉన్నదో తప్పుగా చెప్పిన తరువాత డిగ్రీలో పదవ వంతు సూక్ష్మత ఉండి ఏమి లాభం? మొదటికే మోసం. నా బండిలో జరిగినది అదే. అలైన్‌మెంట్ చేసినవారు స్టీరింగును నడిమికి తెచ్చి నిలపకుండానే ముందు చక్రాల టై రాడ్లను బిగించారు. ఫలితంగా బండి తిన్నగా పోవాలంటే కడ్డీ 10 డిగ్రీలు ఎడమకు ఉండవలసి వచ్చింది. పై చక్రాన్ని ఒక పన్ను జరిపి బిగించడంతో మన కంటికి వంకర పోయింది గాని, కడ్డీకి పోలేదు. సెన్సర్ ఉన్నది కడ్డీ మీద. నేను తిన్నగా పోతుంటే అది "ఎడమకు తిరుగుతున్నాడు" అని చెబుతూ వచ్చింది. మలుపులో ఆ పొరపాటు కూడా కలిసి కంప్యూటరు నా తలపును అపార్థం చేసుకొన్నది. కొంతసేపటికి తన లెక్క కుదరడం లేదని గ్రహించి, తానే విరమించుకొని లైటు వెలిగించింది. ఆ లైటు ఒక విధంగా దాని నిజాయితీ. మన యువకుడు చక్రాన్ని తిరిగి అసలు పన్ను మీదికి తెచ్చి, నడిమికి నిలిపి, టై రాడ్లను రెండు వైపులా సరిచేసి, చివరకు స్కానర్‌తో సున్నను నేర్పాడు. లైటు ఆరింది. లైటును తీసివేయడం వేరు, లైటు తానుగా ఆరడం వేరు.

చప్పుడు లేని తప్పు

భద్రాచలం ఉస్తాద్‌ను నేను తక్కువ చేయడం లేదు. అటువంటి వారు ఇంజను చప్పుడు విని ఏ బేరింగు అరిగినదో చెప్పగలరు. పొగ రంగు చూచి లోపం చెప్పగలరు. వారి చెవి, వారి వేలి కొస, ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని పట్టాలు. కాని ఇన్నాళ్ళూ యంత్రంలోని ప్రతి తప్పుకూ ఒక చప్పుడో, ఒక వేడో, ఒక వాసనో ఉండేది. సున్న తప్పిన సెన్సర్‌కు చప్పుడు లేదు, వేడి లేదు, వాసన లేదు. ఉన్నది ఒక అంకె మాత్రమే. దానిని చదవడం వస్తేనే ఆ తప్పు కనబడుతుంది. చెవితో నేర్చిన విద్యకు కంటితో చదివే విద్య తోడు కావలసిన కాలం వచ్చింది.

కొందరు అంటారు: ఇవి ధనవంతుల కార్ల గొడవలు, మనకెందుకని. ధనవంతుడు వాడి వదిలిన కారే గదా మనబోటి వారి వాకిట్లోకి వచ్చేది! కొత్తగా ఉన్నంత కాలం దానిని కంపెనీవారు చూస్తారు. మన షెడ్డుకు వచ్చేసరికి అది పాతబడి, టైర్లు అరిగి, స్టీరింగు ఒరిగి ఉంటుంది. అనంతపురం ప్రాంతాన పెనుకొండ వద్ద కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. కంది వద్ద ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో డ్రైవరు లేని వాహనాలను పరీక్షించే మైదానం 2022లో ప్రారంభమైంది. వాహనం తనంతట తాను నడవాలన్నా స్టీరింగు కోణం దానికి తెలియక తప్పదు. తెలుగు నేల మీద తయారవుతున్న ఈ విద్య తెలుగు షెడ్డులోకి రాకూడదా?

మరికొందరు, ఇటువంటి ఏర్పాట్ల వల్ల డ్రైవర్లకు నిర్లక్ష్యం పెరుగుతుందంటారు. అందులో సత్యం లేకపోలేదు. టైరుకు రోడ్డు మీద పట్టు ఉన్నంత వరకే ఏ కంప్యూటరైనా కాపాడగలదు. పట్టు లేని చోట, మితిమీరిన వేగంలో, ఎన్ని సెన్సర్లు ఉన్నా ప్రకృతి ధర్మాన్ని మార్చలేవు. కాని గొడుగు ఉన్నదని గాలివానలో తిరిగేవాడు ఉన్నాడని గొడుగుకు చిల్లి పెట్టుకొంటామా?

ఇక మూడవ అభ్యంతరం బలమైనది. స్కానర్లు, వాటి విధానాలు కంపెనీల గుప్పిటలో ఉన్నాయి గదా, చిన్న షెడ్డువాడు ఏమి చేయగలడు? ఇది నిజమైన కష్టమే. అయితే, మరమ్మతు హక్కు పేరిట కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో తెరిచిన పోర్టల్‌లో మోటారు వాహనాలకు కూడా చోటు ఇచ్చారు. హక్కు తలుపు కొంచెం తెరచుకొన్నది. లోనికి పోవడానికి కావలసినది చదువు. ఆ చదువు ఎవరు చెప్పాలి?

భాష అడ్డం కారాదు

ఇక్కడనే మన కళాశాల ప్రసక్తి వస్తుంది. షెడ్డులలోని కుర్రవాళ్ళకు తెలివి తక్కువ కాదు. పదవ తరగతి దగ్గర వారిని ఆపినది ఇంగ్లీషు, లేదా ఇంటి పేదరికం. స్కానర్ తెర మీద వచ్చే మాటలు ఇంగ్లీషు. విధాన పుస్తకం ఇంగ్లీషు. అందుచేత వారు లైటును చూచి అర్థం ఊహించుకొంటున్నారు. శాస్త్రం మన భాషలలో ఇమడదని ఎవరైనా అంటే వారికి మన చరిత్ర తెలియదన్నమాట. హైదరాబాదులో 1917లో స్థాపించిన దారుల్ తర్జుమా, మరుసటి ఏడు నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూలో శాస్త్ర గ్రంథాలను సమకూర్చింది. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించిన నేల ఇది. తెలుగులో 1906లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది. కళాశాల విద్యకు తెలుగు పుస్తకాలు ఇవ్వడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. ఇంతటి వారసత్వం గల రెండు భాషలు ఒకే కప్పు క్రింద ఉన్న కళాశాల మనది. మనం ఏటేటా రెండు భాషలలో పత్రిక వేస్తున్నాం. సంతోషమే. కాని పత్రిక చదవని మన ఇరుగుపొరుగు షెడ్డులకు ఈ రెండు భాషల వల్ల కలిగిన మేలు ఏమిటని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉన్నదా?

కావున కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా ఒక సూచన చేస్తున్నాను. వారానికి ఒక సాయంత్రం, మన భౌతికశాస్త్ర ప్రయోగశాలను షెడ్డు కార్మికుల కోసం తెరవండి. ఒక స్కానర్ కొనండి. వార్షికోత్సవ వేదిక అలంకరణలో కొంత తగ్గించుకొంటే దాని ఖర్చు భారం కాబోదు. వెర్నియర్ సూత్రాన్ని భౌతికశాస్త్ర ఉపన్యాసకులు చెబుతారు. బండి మీద దానిని చూపడానికి మన పూర్వ విద్యార్థులే వస్తారు. స్కానర్ తెర మీది మాటలకు తెలుగులో, ఉర్దూలో అర్థాలు వ్రాసి చిన్న పుస్తకంగా కుట్టే బాధ్యత మా భాషా శాఖలు తీసుకొంటాయి. ఆ మాటలు ఉస్తాదులు వాడుకొనే మాటలై ఉండాలి గాని, నిఘంటువులో నిద్రపోయేవి కారాదు. ఇది డిగ్రీ కళాశాల, ఐటీఐ కాదు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని విద్యాలయం తన గోడ అవతల ఉన్న పనివానికి ఒక దీపం పెడితే దాని గౌరవం తగ్గదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో బి.ఎస్సీ. చదివే వారు వెర్నియర్ ప్రయోగాన్ని రికార్డులో వ్రాసి మార్కులు తెచ్చుకొని మరచిపోతున్నారు. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు, షెడ్డులో పని చేసే మీ అన్న ప్రక్కన ఒక గంట కూర్చోండి. రెండు చిన్న చక్రాల కథ ఆయనకు మీ ఇంటి భాషలో చెప్పండి. ఆయన పానా పట్టుకొనే తీరు మీరు నేర్చుకోండి. ఎవరు ఎవరికి గురువో తేల్చుకోవలసిన పని లేదు.

ఆ రోజు అడవి మలుపులో నా పిల్లలు నిద్ర లేవలేదు. ఏమి జరిగినదో వారికి ఇప్పటికీ తెలియదు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి మళ్ళీ వానలు పడతాయి. ఆ దారిన మన వారెందరో భద్రాచలం పోయి వస్తూ ఉంటారు. వారి స్టీరింగులో సున్న ఎక్కడ ఉన్నదో బాగుచేసిన వానికి తెలిసి ఉండాలని, అందుకు మన కళాశాల తన వంతు చేయాలని మాత్రమే నా కోరిక.